నాలుగు వెండి పరమాణువులు

మా ఊళ్ళో ఎవరూ ఫిల్మును డెవలప్ చేయించేవారు కాదు, కడిగించేవారు. "రీలు కడగడానికిచ్చాను, ఎల్లుండి రమ్మన్నాడు" అన్న మాట జగదాంబ సెంటర్, డాబాగార్డెన్స్ స్టూడియోల చుట్టూ తిరిగిన విశాఖ వాళ్ళ చెవుల్లో ఇంకా ఉంటుంది. చిన్నప్పుడు నేనా మాటను అక్షరాలా నమ్మాను. బొమ్మ అప్పటికే రీలు మీద ఉంటుందని, దానికి ఏదో మురికి పట్టి ఉంటుందని, స్టూడియో ఆయన శుభ్రంగా కడిగితే బయటపడుతుందని అనుకునేవాణ్ణి. ఇప్పుడు పెదవాల్తేరులో మా వంటగది గట్టు మీద నా రీళ్ళు నేనే కడుక్కుంటున్నాను. చిన్నప్పుడు నమ్మింది సగం నిజమే. బొమ్మ నిజంగానే అప్పటికే అక్కడ ఉంటుంది. కాకపోతే అది కంటికే కాదు, మామూలు మైక్రోస్కోపుకి కూడా ఆనదు.

తెల్లవారుజామున ఫిషింగ్ హార్బర్‌లో ఒక బొమ్మ తీశాననుకోండి. బోటులోంచి దింపిన చేపల తట్ట, దాని మీదకు వంగిన మనిషి, వెనకాల డాల్ఫిన్స్ నోస్ కొండ. షట్టర్ సెకనులో 125వ వంతు సేపు తెరుచుకుని మూసుకుంది. ఆ కాసేపట్లో ఫిల్ములో ఏం జరిగింది?

ఫిల్మంటే పారదర్శకమైన ప్లాస్టిక్ పట్టీ మీద పూసిన పల్చటి జెలటిన్ పూత. ఆ పూత నిండా వెండి ఉప్పు స్ఫటికాలు. ఎక్కువగా సిల్వర్ బ్రోమైడ్, కొద్దిగా సిల్వర్ అయొడైడ్. ఒక్కో స్ఫటికం మిల్లీమీటరులో వెయ్యో వంతు, కాస్త అటూ ఇటూ. అంత చిన్నదాంట్లోనూ వెండి అయాన్లు వందల కోట్లలో ఉంటాయి. కాంతి కణం ఒకటి వచ్చి తగిలితే బ్రోమైడ్ నుంచి ఒక ఎలక్ట్రాన్ ఊడుతుంది. అది స్ఫటికంలో తిరిగి తిరిగి, ఎక్కడో ఒక లోపం ఉన్న చోట చిక్కుకుంటుంది. దగ్గర్లో కదులుతున్న వెండి అయాన్ ఒకటి ఆ ఎలక్ట్రాన్‌ను అందుకుని వెండి పరమాణువుగా మారుతుంది. మళ్ళీ ఇంకో కాంతి కణం, ఇంకో ఎలక్ట్రాన్, అదే చోట ఇంకో పరమాణువు. ఇలా నాలుగు చేరితే చాలు, ఆ స్ఫటికానికి వెలుగు తగిలిందన్న గుర్తు పడిపోయినట్టే. ఈ వరసను 1938లో రోనాల్డ్ గర్నీ, నెవిల్ మాట్ అనే భౌతిక శాస్త్రజ్ఞులు వివరించారు. నా హార్బర్ బొమ్మ ఇంటికి చేరేవరకూ ఉండేది ఆ రూపంలోనే. వందల కోట్లలో నాలుగు.

దీన్ని గుప్త ప్రతిబింబం అంటారు. నాకు మాత్రం తోడు అనే మాటే నచ్చుతుంది. ఒకే పాలు, ఒకే వేడి, రెండు గిన్నెలు. ఒకదాంట్లో చుక్క మజ్జిగ పడింది, రెండోదాంట్లో పడలేదు. తెల్లారేసరికి ఒకటి గడ్డ పెరుగు, రెండోది పాలే. డెవలపర్ చేసే పనీ అంతే. ఆ ద్రావణం స్ఫటికాలన్నిటికీ ఎలక్ట్రాన్లు ఇవ్వాలనే చూస్తుంది. నాలుగు పరమాణువుల తోడు పడిన స్ఫటికం మొత్తం నిమిషాల్లో నల్లటి వెండిగా మారిపోతుంది. తోడు పడనిది అలాగే ఉండిపోతుంది. నాలుగు పరమాణువులు ఇంచుమించు వంద కోట్ల రెట్లు పెరుగుతాయి. విద్యుత్తు లేకుండా, ఒక స్టీలు గిన్నెడు నీళ్ళలో. ఎన్ని రీళ్ళు కడిగినా ఈ లెక్క తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

ఇందులో మన వంటింటి సంగతి ఇంకొకటి ఉంది. వెనకటి రోజుల్లో జెలటిన్ ఒక్కో విడత ఒక్కోలా పనిచేసేది. ఒకదానితో చేసిన ఫిల్ము చురుగ్గా ఉండేది, ఇంకోదానితో చేసింది మందకొడిగా. జెలటిన్ తయారయ్యేది పశువుల చర్మాలు, ఎముకల నుంచి. కొడాక్ పరిశోధకుడు శామ్యూల్ షెప్పర్డ్ 1925లో కారణం పట్టుకున్నాడు. పశువులు మేసిన ఆవ మొక్కల్లోని ఘాటు పదార్థం, అలైల్ ఐసోథయోసైనేట్, అతి సూక్ష్మంగా జెలటిన్‌లోకి చేరుతోంది. దాంట్లోని గంధకం స్ఫటికం మీద వెండితో కలిసి చిన్న చిన్న సిల్వర్ సల్ఫైడ్ మచ్చలు కడుతుంది. తిరిగే ఎలక్ట్రాన్ చిక్కుకునేది ఆ మచ్చల దగ్గరే. ఆవకాయ కలిపే రోజు ఆవపిండి తడవగానే ముక్కు అదరగొట్టే ఘాటు ఉంటుందే, అదే పదార్థం. సంగతి తెలిశాక ఫిల్ము తయారీదారులు గంధకాన్ని కొలత ప్రకారం తామే కలపడం మొదలుపెట్టారు.

కాగితం మీద రసాయనం ఇలా ఉంటుంది. విశాఖలో వచ్చే చిక్కు ఉక్కపోత. నలుపు తెలుపు ఫిల్ము డెవలపర్లకు పుస్తకాల్లో రాసే ఉష్ణోగ్రత 20 డిగ్రీలు. మే నెలలో మా కుళాయి నీళ్ళు 30కి పైనే. ఎండాకాలం పెరుగు త్వరగా తోడుకుని త్వరగా పులిసినట్టే, వేడిలో డెవలపర్ కూడా పరుగెడుతుంది. ఇల్‌ఫోర్డ్ హెచ్‌పీ5 ప్లస్ రీలును ఐడీ-11 డెవలపర్‌లో నీళ్ళు కలపకుండా 20 డిగ్రీల దగ్గర ఏడున్నర నిమిషాలు ఉంచాలి. 24 డిగ్రీలైతే ఐదు నిమిషాలకు దగ్గరగా తగ్గించాలి. 30 దగ్గర సమయం మరీ కుదించుకుపోయి, ద్రావణం ఫిల్మంతా సమంగా పట్టేలోపే పని అయిపోతుంది. ఆకాశం చారలు చారలుగా వస్తుంది. పైగా వేడికి జెలటిన్ ఉబ్బి మెత్తబడుతుంది, గోరు తగిలితే ఊడి వస్తుంది.

మొదట్లో కుండ నీళ్ళు వాడదామనుకున్నాను. అనంతపురంలో మా బంధువుల ఇంట్లో వేసవి కుండ నీళ్ళు పళ్ళు జివ్వుమనేంత చల్లగా ఉండేవి. విశాఖలో అవే కుండలు నిరాశపరిచాయి. కుండ చల్లబడేది పైకి ఊరిన నీరు ఆవిరై పోవడం వల్ల. సముద్రం పక్కన గాలే తడిగా ఉంటే నీరు ఆవిరయ్యేదెక్కడ? చివరికి పాత పద్ధతే నిలిచింది. పెద్ద టబ్బులో నీళ్ళు, ఫ్రిజ్‌లోంచి తీసిన ఐసు ముక్కలు, వాటి మధ్య డెవలపర్ సీసా, సీసాలో థర్మామీటరు. దాంతోపాటు డెవలపర్‌లో సమానంగా నీళ్ళు కలుపుతాను. అప్పుడు 20 డిగ్రీల దగ్గర 13 నిమిషాలు పడుతుంది. ఒకటి రెండు డిగ్రీలు అటూ ఇటూ అయినా సర్దుకోవడానికి వీలుంటుంది.

అసలు కష్టం అంతకు ముందే, చీకట్లో. రాత్రి బాత్‌రూమ్ తలుపు కింద దుప్పటి దోపి, దీపం ఆర్పి, ఫిల్మును, వెలుగు చొరని ట్యాంకులో పెట్టే ప్లాస్టిక్ చక్రం గాళ్ళలోకి వేళ్ళతో తడిమి ఎక్కించాలి. ఉక్కలో వేళ్ళకు చెమట, గాళ్ళలో తేమ. ఫిల్ము సగం ఎక్కి ఆగిపోతుంది. లాగితే నలుగుతుంది, దీపం వేస్తే మొత్తం పోతుంది. ఇప్పుడు నేను చక్రాన్ని ముందురోజే ఎండలో పెట్టి, సిలికా జెల్ పొట్లాలతో డబ్బాలో మూసి ఉంచుతున్నాను. కొత్త రీళ్ళు ఫ్రిజ్‌లో ఉంటాయి. "ఏటిరా, పెరుగు గిన్నె పక్కన ఈ డబ్బీలేటి?" అని అమ్మ మొదట్లో అడిగేది, ఇప్పుడు తనే సర్దుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన డబ్బీని వెంటనే తెరవకూడదు. చల్లటి గ్లాసు బయట చెమర్చినట్టే ఫిల్మూ చెమరుస్తుంది. గంటా రెండు గంటలు బయట ఉంచాలి.

డెవలపర్ తర్వాత కొద్దిగా పుల్లటి నీళ్ళు. నేను నిమ్మ ఉప్పు వాడతాను, దాంతో డెవలపర్ పని అక్కడికి ఆగుతుంది. ఆ తర్వాత హైపో, అంటే సోడియం థయోసల్ఫేట్ ద్రావణం. పాత స్టూడియో వాళ్ళకి బాగా అలవాటైన మాట ఇది. సోడియం థయోసల్ఫేట్ వెండి ఉప్పులను కరిగిస్తుందని జాన్ హెర్షెల్ 1819లోనే కనుక్కున్నాడు. ఇరవై ఏళ్ళ తర్వాత ఫొటోగ్రఫీ పుట్టినప్పుడు బొమ్మను నిలబెట్టడానికి పనికొచ్చింది అదే. వెలుగు తగలని స్ఫటికాలన్నీ హైపోలో కరిగి వెళ్ళిపోతాయి, పాలలా ఉన్న ఫిల్ము తేటపడుతుంది. కడగడం అనే మాట సరిగ్గా అతికేది ఈ అంచె దగ్గరే. కానీ ఆ వాడేసిన హైపోను సింకులో పోయకండి. దాంట్లో కరిగిన వెండి ఉంటుంది, నీటి జీవులకు అది విషం. మా వీధి కాలవ చివరికి కలిసేది సముద్రంలోనే. సీసాలో మామూలు ఇనుప పీచు వేసి కొన్ని రోజులు వదిలేస్తే ఇనుము కరుగుతూ వెండిని నల్లటి మడ్డిలా కిందికి దింపుతుంది. గిన్నెలు తోమే మెరిసే స్టెయిన్‌లెస్ పీచుతో ఈ పని జరగదు.

ఆఖరి జాలాడింపుకు బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ నీళ్ళు. కుళాయి నీళ్ళతో ఆరబెడితే సున్నపు మచ్చలు పడతాయి. అప్పుడు క్లిప్పు పెట్టి వేలాడదీసి, కిటికీ వెలుగులో మొదటిసారి చూడటం. తట్ట మీదకు వంగిన ఆ మనిషి చొక్కా నల్లగా, కొండ తెల్లగా, అంతా తలకిందులుగా. తీసి పది రోజులైంది. ఆ మనిషి ముఖం నేను మరిచిపోయాను, వెండి మరవలేదు.

ఫోను కెమెరా మీద నాకు ఫిర్యాదేమీ లేదు, రోజూ వాడతాను. డిజిటల్ కెమెరా కూడా ఓపికతోనే మొదలైంది. కొడాక్ ఇంజినీరు స్టీవెన్ సాసన్ 1975లో చేసిన మొదటి నమూనా అడ్డంగా 100, నిలువుగా 100 చుక్కల బొమ్మను క్యాసెట్ టేపు మీద నమోదు చేయడానికి 23 సెకన్లు తీసుకునేది. ఫిల్మూ, డిజిటల్ కెమెరాలోని సెన్సరూ వెలుగును లెక్కపెట్టే తీరు వేరు. ఆ తేడా తెలిస్తే ఫిల్ముతో బొమ్మ తీయడంలో సరదా రెట్టింపవుతుంది.

మిట్టమధ్యాహ్నం ఆర్కే బీచ్‌లో అలల నురగ చూడండి. సెన్సర్‌లో ఒక్కో చుక్కా ఒక బిందె లాంటిది. నిండేవరకూ ఎంత వెలుగు పోస్తే అంత లెక్క. నిండాక పోసిందంతా వృథా, నురగ ఉత్త తెల్ల కాగితమవుతుంది. ఫిల్ములో స్ఫటికాలు చిన్నవీ పెద్దవీ కలిసి ఉంటాయి. పెద్దవి త్వరగా వెలుగు పట్టుకుంటాయి, చిన్నవి ఆలస్యంగా. వెలుగు పెరిగేకొద్దీ మిగిలిన స్ఫటికాలు తగ్గుతాయి కాబట్టి నలుపు ఎక్కడం నెమ్మదిస్తుంది, ఒక్కసారిగా ఆగదు. వెలుగుకీ నలుపుకీ ఉన్న ఈ సంబంధాన్ని ఒక వంపు రేఖగా 1890లో ఫెర్డినాండ్ హర్టర్, వెరో డ్రిఫీల్డ్ గీసి చూపించారు. అందుకే నెగెటివ్ ఫిల్ముకు వెలుగు కాస్త ఎక్కువైనా పరవాలేదు. తక్కువైతే మాత్రం క్షమించదు. తోడే పడని చోట ఎంత కడిగినా ఏమీ రాదు. నీడల్లోంచి వివరం లాగడంలో సెన్సర్‌దే పైచేయి, ఒప్పుకోవాలి.

రాత్రి కైలాసగిరి మీంచి చూస్తే హార్బర్ బయట లంగరేసిన ఓడల దీపాలు సముద్రం మీద వరసగా కనిపిస్తాయి. వెలుగు కొలిచే మీటరు షట్టర్‌ను 10 సెకన్లు తెరిస్తే చాలంటుంది. హెచ్‌పీ5 ఫిల్ముకు చాలదు, 20 ఇవ్వాలి. ఒంటరి వెండి పరమాణువు ఎక్కువసేపు నిలవదు. సెకనో ఎంతో ఉండి, మళ్ళీ అయాన్‌గా విడిపోతుంది. రెండోది ఈలోపు వచ్చి జతకట్టాలి. మసక వెలుగులో కాంతి కణాలు అంత త్వరగా రావు. చిల్లుకుండలో సన్నధార పోసినట్టు, వచ్చినది వచ్చినట్టే కారిపోతుంది. ఖగోళ శాస్త్రజ్ఞులు ఫొటో పలకలు వదిలి సెన్సర్లకు మారడానికి ఇదొక కారణం. నాకైతే ఆ అదనపు 10 సెకన్లంటే ఇష్టం. చలిగాలిలో షట్టర్ కేబుల్ నొక్కి పట్టుకుని, ఇప్పుడు ఏ స్ఫటికంలో రెండో పరమాణువు చేరిందో అనుకుంటూ నిలబడతాను.

ఫిల్ము ఖరీదు ఎక్కువే, దాపరికం లేదు. ఒకప్పుడు మన దేశంలోనే తయారయ్యేది. 1960లో ఊటీలో పెట్టిన హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ 'ఇందు' పేరుతో అమ్మేది. ఆ కర్మాగారం మూతబడింది, ఇప్పుడు మనం వాడే రీళ్ళు బయటి దేశాలవే. 36 బొమ్మల రీలు నాకు నెల్లాళ్ళు వస్తుంది.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను మా కిటికీ అద్దాలు పగలగొట్టి వాన నీటిని బీరువా దాకా తెచ్చింది. అల్బములో ప్రింట్లు ఒకదానికొకటి అతుక్కుని పలకలా అయ్యాయి, విడదీస్తే ముఖాలు ఊడివచ్చాయి. నాన్న యాషికా కెమెరాతో తీసిన నెగెటివ్‌లు రేకు పెట్టెలో బురదనీళ్ళలో తేలుతున్నాయి. ఆరనివ్వకూడదని మాత్రం నాకు తెలుసు. తడి జెలటిన్ ఆరితే దేనికి తగిలితే దానికి అంటుకుపోతుంది, ఆపైన ఈ ఊరి తేమకు బూజు దాన్ని తినేస్తుంది. కరెంటు లేదు, కుళాయి లేదు. డాబా మీద పట్టిన వాన నీటి బకెట్లోనే వాటిని ముంచి, ఒక్కొక్కటీ అరచేతిలో పరిచి, జాలాడించి, బట్టల తాడుకు క్లిప్పులతో వేలాడదీశాం. అమ్మ ఒకదాన్ని ఆకాశానికి పెట్టి చూసింది. భీమిలి తీరంలో చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని నిలబడ్డ తనే, ముప్ఫై ఏళ్ళ కిందటి తను, నలుపు తెలుపులు తారుమారై. అడుగున నీరు నిలిచిన చోట సన్నటి గీత ఒకటి పడింది. నిరుడు దాన్ని ప్రింటు తీసేటప్పుడు ఆ గీతను చెరపలేదు.