అబ్‌స్ట్రాక్ట్ క్లాసా, ఇంటర్‌ఫేసా? ఇంటర్వ్యూల్లో వినిపించే అపోహలు

జావా ఫ్రెషర్లను ఇంటర్వ్యూ చేసేటప్పుడు అబ్‌స్ట్రాక్ట్ క్లాస్‌కీ ఇంటర్‌ఫేస్‌కీ తేడా ఏమిటని తప్పకుండా అడుగుతాను. ఇంటర్‌ఫేస్ అంటే క్లాస్‌లో ఏ మెథడ్లు ఉండాలో చెప్పే ఒప్పందం; అబ్‌స్ట్రాక్ట్ క్లాస్ అంటే నేరుగా ఆబ్జెక్ట్ చేయలేని, వేరే క్లాసులకు పునాదిగా ఉండే క్లాస్. దాదాపు అందరిదీ ఒకటే జవాబు, అమీర్‌పేట నోట్స్‌లో ఉన్నది ఉన్నట్టు అప్పజెప్పేస్తారు. చిక్కేమిటంటే ఆ జవాబు జావా 8కి ముందుది.

అపోహ: ఇంటర్‌ఫేస్‌లో మెథడ్‌కు బాడీ, అంటే లోపలి కోడ్, ఉండదు.

వాస్తవం: 2014లో జావా 8 వచ్చినప్పటి నుంచి డిఫాల్ట్ (క్లాస్ తనది రాసుకోకపోతే వాడే), స్టాటిక్ మెథడ్లకు బాడీ రాయొచ్చు. అవసరం పడే తెచ్చారు. కలెక్షన్ ఇంటర్‌ఫేస్‌లో స్ట్రీమ్ అనే కొత్త మెథడ్ పెట్టాలి. బాడీ లేకుండా పెడితే, అప్పటిదాకా దాన్ని ఇంప్లిమెంట్ చేసిన ప్రతి ఒక్కరి కోడ్ మళ్లీ కంపైల్ చేసేసరికి ఎర్రర్!

అపోహ: అయితే అబ్‌స్ట్రాక్ట్ క్లాస్‌తో ఇక పని లేదు.

వాస్తవం: ఉంది, అసలు తేడా ఇక్కడే. ఇంటర్‌ఫేస్‌లో ఏ ఫీల్డ్ రాసినా అది పబ్లిక్ స్టాటిక్ ఫైనలే, అంటే అందరికీ ఒకటే, మళ్లీ మార్చలేనిది. ఒక్కో ఆబ్జెక్ట్ తన విలువ తాను దాచుకునే చోటు అందులో లేదు, ఆబ్జెక్ట్‌ను సిద్ధం చేసే కన్‌స్ట్రక్టరూ లేదు. జావా లైబ్రరీలోని అబ్‌స్ట్రాక్ట్‌లిస్ట్ చూడండి. లిస్ట్‌లో ఎన్నిసార్లు చేర్చారో, తీసేశారో లెక్కపెట్టే మోడ్‌కౌంట్ అనే ఫీల్డ్ అందులో ఉంది. లూప్ మధ్యలో రిమూవ్ చేసి కంకరెంట్ మోడిఫికేషన్ ఎక్సెప్షన్ తిన్నవాళ్లకు దాని మహిమ తెలుసు. ఆ లెక్కను లిస్ట్ ఇంటర్‌ఫేస్‌లో పెట్టలేరు.

అపోహ: "ఈజ్-ఎ" (ఇది అందులో ఒక రకం) సంబంధమైతే అబ్‌స్ట్రాక్ట్ క్లాస్, "కెన్-డూ" (ఇది ఈ పని చేయగలదు) అయితే ఇంటర్‌ఫేస్.

వాస్తవం: అర్రేలిస్ట్ ఒక లిస్టే కదా? మరి లిస్ట్ ఇంటర్‌ఫేస్ ఎందుకైంది? నిజానికి అర్రేలిస్ట్ రెండూ వాడుకుంటుంది: లిస్ట్‌ను ఇంప్లిమెంట్ చేస్తూనే అబ్‌స్ట్రాక్ట్‌లిస్ట్‌ను ఎక్స్‌టెండ్ చేస్తుంది. వాడేవాళ్లకు ఇంటర్‌ఫేస్, రాసేవాళ్లకు శ్రమ తగ్గించే అబ్‌స్ట్రాక్ట్ క్లాస్. నేనొకసారి పేమెంట్ మాడ్యూల్‌లో ఇంటర్‌ఫేస్ లేకుండా అబ్‌స్ట్రాక్ట్ క్లాస్ ఒక్కటే ఇచ్చాను. పక్క టీమ్ వాళ్ల క్లాస్ అప్పటికే ఇంకోదాన్ని ఎక్స్‌టెండ్ చేస్తోంది. జావాలో ఒక క్లాస్ ఒక్క క్లాస్‌నే ఎక్స్‌టెండ్ చేయగలదు, రెండోదానికి చోటు లేదు. రిలీజ్ ముందురోజు ఆ టెన్షన్ అంతా నేనే పడ్డాను.

అపోహ: అబ్‌స్ట్రాక్ట్ క్లాస్‌లో కనీసం ఒక అబ్‌స్ట్రాక్ట్ మెథడ్ ఉండాలి.

వాస్తవం: అక్కర్లేదు. వెబ్ రిక్వెస్ట్‌లకు జవాబిచ్చే హెచ్‌టీటీపీ సర్వ్‌లెట్ అబ్‌స్ట్రాక్ట్ క్లాసే, అందులో అలాంటి మెథడ్ ఒక్కటీ లేదు.

అపోహ: సంబంధం లేని రెండు ఇంటర్‌ఫేస్‌ల నుంచి ఒకే డిఫాల్ట్ మెథడ్ వస్తే జావా మొదటిదాన్ని తీసుకుంటుంది.

వాస్తవం: తీసుకోదు, కంపైలర్ అక్కడే ఆపేస్తుంది. ఓవర్‌రైడ్ చేసి ఏది కావాలో మనమే చెప్పాలి.