మరాఠ్వాడా గొడవకు హైదరాబాద్ గెజిట్‌తో పనేంటి?

మరాఠాలకు రిజర్వేషన్ కావాలని మనోజ్ జరాంగే పాటిల్ చేసిన దీక్షలు, ముంబై ఆజాద్ మైదానంలో జనం, వాటి తర్వాత చర్చలు అన్నీ టీవీల్లో చూసినవే. మరాఠాలకు 2018లో 16 శాతం కోటా ఇవ్వడం, 2021 మే 5న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేయడం, 2024 ఫిబ్రవరిలో మళ్లీ 10 శాతానికి చట్టం చేయడం కూడా పాత సంగతే. ఒకప్పటి నిజాం రాజ్యంలోంచి మహారాష్ట్రకు వెళ్లిన మరాఠ్వాడాలో ఇప్పుడు నలుగుతున్నది వేరే విషయం. 2025 సెప్టెంబర్ 2న మహారాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన జీవోలో 'హైదరాబాద్ గెజిట్' అన్న మాట ఉంది. మరాఠాలకు కున్బీ అనే సేద్యపు కులం సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడు నిజాం నాటి ఆ రికార్డును లెక్కలోకి తీసుకోవాలని దాని సారాంశం. కున్బీ అని కాగితం చూపిస్తే ఓబీసీ, చూపించలేకపోతే లేదు. మరాఠ్వాడా ఎనిమిది జిల్లాల టెన్షన్ అంతా ఆ కాగితం చుట్టూనే తిరుగుతోంది.

ఈ కథను చాలామంది 1948 సెప్టెంబర్ 17 నుంచి మొదలుపెడతారు. అక్కడ ఆ రోజును మరాఠ్వాడా ముక్తి సంగ్రామ దినంగా జరుపుకుంటారు కూడా. కానీ నేటి తగాదాకు అసలు ముడి పడింది 1956 నవంబర్ 1న. హైదరాబాద్ రాష్ట్రాన్ని మూడు ముక్కలు చేసి ఔరంగాబాద్, బీడ్, పర్భణీ, నాందేడ్, ఉస్మానాబాద్ జిల్లాలను బొంబాయి రాష్ట్రంలో కలిపారు. ఆ ఐదే ఇప్పుడు ఎనిమిదయ్యాయి. గీత గీసేటప్పుడు ఊళ్లు అటూ ఇటూ మారాయి. నాందేడ్ జిల్లాలో ఉన్న ముథోల్, భైంసా, కుబీర్ మనవైపు వచ్చాయి. బిచ్కుంద, జుక్కల్ కూడా అంతే. ఆదిలాబాద్‌లో ఉన్న కిన్వట్, ఇస్లాపూర్ అటు పోయాయి. చుట్టరికాలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి.

సికింద్రాబాద్ నుంచి మన్మాడ్ వెళ్లే రైల్లో బాసర తర్వాత స్టేషన్ ధర్మాబాద్. బాసర తెలంగాణ, ధర్మాబాద్ మహారాష్ట్ర. బాసర వైపు ఉన్న మరాఠా రైతు మన బీసీ జాబితాలో ఉన్నాడు. ధర్మాబాద్‌లో ఉన్న అతని మేనమామ కొడుకు, చేతిలో కున్బీ కాగితం లేకపోతే, ఓబీసీ కాదు. ఇద్దరి తాతలూ ఒకే తహసీల్ కచేరీలో శిస్తు కట్టి ఉండొచ్చు. జరాంగే సభలకు జనం ఎందుకు వస్తున్నారో తెలుసుకోవడానికి ఈ ఒక్క స్టేషన్ దూరం చాలు.

1956లో పడ్డ ముడి 1967లో బిగుసుకుంది. ఆ ఏడాది అక్టోబర్ 13 నాటి మహారాష్ట్ర ఓబీసీ జాబితాలో కున్బీలు ఉన్నారు, మరాఠాలు లేరు. మహారాష్ట్ర తూర్పు భాగమైన విదర్భలో రైతుల కాగితాల్లో అప్పటికే కున్బీ అని ఉంది. కులం కాలమ్‌లో అలా రాయించుకోమని అక్కడి నాయకుడు పంజాబ్‌రావ్ దేశ్‌ముఖ్ ముందుచూపుతో చెప్పారని అక్కడివాళ్లు ఇప్పటికీ తలుచుకుంటారు. మరాఠ్వాడా రైతుకు అలా చెప్పినవాళ్లు లేరు. ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో జనగణన జరిగిన ప్రతిసారీ కున్బీ కుటుంబాలు మరాఠా అని రాయించుకుంటూ వచ్చాయి. అప్పట్లో అది పరువు. పాత పేరు ఉన్న దస్తావేజులేమో ఉర్దూలో, ఒకప్పుడు మరాఠీ రాయడానికి వాడిన మోడీ లిపిలో పాత కచేరీల్లో ఉండిపోయాయి.

జస్టిస్ సందీప్ షిండే కమిటీకి 2023లో అప్పగించిన పని ఆ దస్తావేజులను వెలికితీయడమే. పహాణీలు, బడి అడ్మిషన్ రిజిస్టర్లు, జనన మరణ పుస్తకాలు తిరగేశారు. వెతుకులాట హైదరాబాద్ దాకా వచ్చింది. 1954-55 నాటి ఖాస్రా పహాణీ అంటే తెలంగాణలో భూమి తగాదా ఉన్న ప్రతి ఇంటికీ తెలుసు. మరాఠ్వాడా అప్పటికి హైదరాబాద్ రాష్ట్రమే కాబట్టి అక్కడా అదే ఖాస్రా. ఇక మోడీ లిపి చదవగలిగేవాళ్లను వెతికి పట్టుకోవడమే అధికారులకు పెద్ద పనైంది.

గెజిట్‌తో ఒక చిక్కుంది. అందులో జిల్లాల వారీగా తలల లెక్క ఉంటుంది, మనుషుల పేర్లు ఉండవు. 1909లో అచ్చయిన హైదరాబాద్ గెజిటీర్ అయితే కాపులనూ కున్బీలనూ ఒకే సేద్యపు కులంగా కలిపి లెక్కేసింది. అందులో తన తాత పేరు ఎవరికీ దొరకదు. అందుకే జీవో ఊరి స్థాయిలో కమిటీ వేసింది. తలాఠీ (ఊరి రెవెన్యూ అధికారి), గ్రామసేవక్ (పంచాయతీ అధికారి), వ్యవసాయ సహాయకుడు అందులో ఉంటారు. భూమి కాగితం లేనివాడు 1967 అక్టోబర్ 13కు ముందు నుంచీ తన వాళ్లు ఆ ఊళ్లోనే ఉన్నారని అఫిడవిట్ ఇవ్వాలి. ఇప్పటికే కున్బీ సర్టిఫికెట్ ఉన్న బంధువు కూడా సాక్ష్యం చెప్పొచ్చు. 1967 జాబితా తేదీ ఇలా మళ్లీ గడప తొక్కింది.

ఇది దొడ్డిదారి అని ఓబీసీ నాయకుడైన మంత్రి ఛగన్ భుజ్‌బల్ మంత్రివర్గ సమావేశానికే వెళ్లలేదు. రాష్ట్రాన్ని ఏలినవాళ్లలో ఎక్కువమంది మరాఠాలేనని, చిన్న కులాల పంచాయతీ సీట్లు పోతాయని ఓబీసీ సంఘాల వాదన. 2008లో మహారాష్ట్ర వెనుకబడిన తరగతుల బాపట్ కమిషన్ కూడా మరాఠాలను ఓబీసీలో చేర్చొద్దనే చెప్పింది. పశ్చిమ మహారాష్ట్ర చక్కెర ఫ్యాక్టరీల పెద్దలను చూస్తే ఆ వాదన నిజమే అనిపిస్తుంది. అయితే 2016లో మిరజ్ నుంచి రైల్లో నీళ్లు తెప్పించుకున్న లాతూర్ ఉన్నది మరాఠ్వాడాలో. రెండెకరాలు, మూడెకరాలు మిగిలిన కుటుంబాన్ని ఆ పెద్దలతో ఒకే గాటన కట్టడం కుదరదు.

జీవో వచ్చిన కొద్ది రోజులకే బంజారాలు, అంటే మన లంబాడీలు, రోడ్డెక్కారు. తెలంగాణలో లంబాడీలకు 1976 చట్టంతో ఎస్టీ హోదా దక్కింది. నాందేడ్ తండాల్లో ఉన్న వాళ్ల బంధువులు మాత్రం మహారాష్ట్ర విముక్త జాతుల జాబితాలోనే మిగిలారు. మరాఠాలకు పనికొచ్చిన గెజిట్ తమకెందుకు పనికిరాదని వాళ్లు అడుగుతున్నారు. ఆదివాసీ సంఘాలు అప్పుడే అడ్డం తిరిగాయి. అయినా ఎస్టీ జాబితాలో పేరు చేర్చడం ముంబై ఇచ్చే జీవోతో అయ్యే పని కాదు. 1976లోలాగే అది పార్లమెంటు చేయాలి.