పెద్దిల్లు వదిలి రెండు పడగ్గదుల ఫ్లాట్‌కు: అపోహలు - వాస్తవాలు

పిల్లలు హైదరాబాద్‌లోనో డాలస్‌లోనో స్థిరపడ్డాక ఊళ్లో 300 గజాల ఇల్లు ఇద్దరికి మరీ పెద్దదైపోతుంది. మేడ మీది గదులకు తాళం, పెరట్లో రాలిన కొబ్బరి మట్టలు తీసేవాళ్లు లేరు, మోకాళ్లు మెట్లెక్కనివ్వవు. ఇల్లు అమ్మేసి ఫ్లాట్‌కు మారడం మంచి ఆలోచనే. కాకపోతే ఇళ్లు ఖాళీ చేయించి, కొత్తచోట సర్దిపెట్టే పనిలో మాకు తరచూ కనపడే నష్టం సామాను ఎక్కువై వచ్చేది కాదు. చివర చేయాల్సిన పని ముందు, ముందు చేయాల్సింది చివర చేయడం వల్ల వచ్చేది. కింది అపోహల్లో చాలావాటికి మూలం అదే.

అపోహ: 2,400 అడుగుల ఇంటి నుంచి 1,200 అడుగుల ఫ్లాట్‌కు మారుతున్నాం, సగం సామాను తీసేస్తే చాలు.

వాస్తవం: చాలదు. బ్రోచర్‌లోని 1,200 సాధారణంగా సూపర్ బిల్టప్ లెక్క. మెట్లు, లిఫ్టు, వరండాల్లో మీ వాటా కూడా అందులోదే. 2016 రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం చెప్పే కార్పెట్ ఏరియాలో బయటి గోడలు, షాఫ్టులు (పైపులు, వైర్లు వెళ్లే సందులు), బాల్కనీ ఉండవు, లోపలి అడ్డగోడలు మాత్రం ఉంటాయి. ఆ లెక్కన మన నగరాల్లో 1,200 అడుగుల ఫ్లాట్‌లో చేతికొచ్చేది సుమారు 800 నుంచి 850 అడుగులు. ఇటు పాత ఇంటి 2,400లో అటకలు, మెట్ల కింది గూడు, డాబా, పెరడు ఎవరూ కలపలేదు. కానీ సామానంతా ఉన్నది అక్కడే!

అసలు కొలవాల్సింది నేల కాదు, ఖాళీ గోడ. 10×12 పడగ్గది నాలుగు గోడలూ కలిపితే 44 అడుగులు. గది తలుపు, బాత్రూమ్ తలుపు, అవి తెరుచుకునే మేర, కిటికీ, స్విచ్‌బోర్డులు, బాల్కనీ తలుపు తీసేయండి. బీరువానో మంచం తలవైపో ఆనించగల గోడ 12-15 అడుగులు మిగిలితే గొప్ప. 6 అడుగుల వెడల్పు మంచం వేసి రెండు పక్కలా రెండేసి అడుగులు వదిలితే 10 అడుగులు అయిపోయాయి. పొడవు వైపు మంచానికి ఆరున్నర, వార్డ్‌రోబ్‌కు 2, నడవడానికి రెండున్నర, మొత్తం 11. అంటే ఆ గదిలోకి ఇంకో బీరువా రాదు. మంచాన్ని 5 అడుగులదానికి మారిస్తే ఒక పక్క మూడడుగుల దారి దొరుకుతుంది. వాకర్ వాడాల్సి వచ్చినప్పుడు ఆ అడుగే పనికొస్తుంది.

కాగితం మీద గీసుకుంటే చాలామందికి అంచనా అందదు. పాత ఇంటి డాబా మీదే సుద్దముక్కతో ఫ్లాట్ గదిని అసలు కొలతల్లో గీయండి. మంచం, బీరువా, డైనింగ్ టేబుల్ కొలతలకు పాత న్యూస్‌పేపర్లు అతికించి పరవండి. తలుపు తిరిగే వంపు కూడా గీయాలి. గంట పని, మీటరు టేపు తప్ప ఖర్చు లేదు. ఫ్లాట్‌కు అడ్వాన్స్ ఇవ్వకముందే చేస్తే మరీ మంచిది. అప్పుడే బాత్రూమ్ తలుపు కూడా కొలవండి. రెండున్నర అడుగుల తలుపంటారు గానీ చట్రం, తెరిచిన రెక్క మందం పోను 25 అంగుళాలే మిగలవచ్చు. చక్రాల కుర్చీలు చాలావరకు 24-26 అంగుళాల వెడల్పు. పెద్ద వయసులో ఉండటానికి కొనే ఇంట్లో ఈ ఒక్క కొలత ఎవరూ అడగరు.

అపోహ: టేకు సామాను కాబట్టి మంచి ధర వస్తుంది, లేదంటే వెంట తీసుకెళ్లొచ్చు.

వాస్తవం: పందిరి మంచం, ఏడడుగుల అద్దాల బీరువా కొనే ఇల్లు ఇప్పుడు అరుదు. కొనేవాడు చూసేది పనితనం కాదు, అందులోంచి తీయగల చెక్క. మేకుల రంధ్రాలు, చిత్రిక పడితే తగ్గే మందం, పాత పాలిష్ అన్నీ తీసేసే ధర చెబుతాడు. ఉంచుకోవాలనుకుంటే దాన్ని అలాగే ఇరికించకండి. పాత ఇంట్లో చోటుండగానే వడ్రంగిని పిలిపించి పందిరి తీయించడం, పెద్ద మంచం పట్టీలతో దివాన్ చేయించడం లాంటివి ముగించండి. ఫ్లాట్‌లో రంపం పెడితే పక్క ఫ్లాటు వాళ్లతో పరిచయం గొడవతో మొదలవుతుంది.

ఇక లిఫ్టు. ఎనిమిది మంది ఎక్కే లిఫ్టు లోపల సుమారు 1.3 మీటర్లు × 1.1 మీటర్లు, తలుపు 80 సెంటీమీటర్లు. స్టీలు బీరువా నిలబెడితే పడుతుంది. ఆరడుగుల సోఫా నిలబెట్టి ఎక్కించాల్సిందే, ఒకే పలకగా ఉన్న డైనింగ్ టేబుల్ పట్టదు. అలాంటివి మెట్ల మీదుగా వెళ్లాలి. అంతస్తుకింత చొప్పున కూలీ పెరుగుతుంది, మెట్ల మలుపుల్లో సున్నం గీరుకుంటే అసోసియేషన్ డిపాజిట్‌లోంచి కోస్తుంది.

అపోహ: ఇత్తడి సామానంతా ఒకేసారి తూకానికి వేసేయొచ్చు.

వాస్తవం: వేయొచ్చు, నష్టపోతారు. అటక దించితే వచ్చే గుండిగలు, గంగాళాలు, బిందెలు, మరచెంబుల్లో రాగి, కంచు, ఇత్తడి మూడూ కలిసి ఉంటాయి. పాతసామాన్ల వ్యాపారి అన్నిటినీ ఇత్తడి రేటుకే కట్టడానికి చూస్తాడు. రాగీ కంచూ ఇత్తడి కంటే ఖరీదు. కంచు పళ్లేన్ని వేళ్లతో వేలాడదీసి తడితే మోత చాలాసేపు సాగుతుంది, ఇత్తడి త్వరగా ఆగిపోతుంది. రాగి ఎరుపు గీకి చూస్తే తెలుస్తుంది. ముందే మూడు కుప్పలు చేసి, ఇనుప కడియాలూ చేతిపిడులూ విడిగా పెట్టి, మీ సొంత ఎలక్ట్రానిక్ కాటా మీద తూచి కాగితం మీద రాసి ఉంచండి. తర్వాతే వ్యాపారిని పిలవాలి.

పేర్లు చెక్కించిన గిన్నెల దగ్గర ఆగిపోతారు, అది సహజం. అమ్మమ్మ పేరున్న చెంబొకటి, పెళ్లి సారె బిందొకటి ఉంచుకోండి. వంటకు వాడేదైతే కళాయి పెట్టించాలి. కళాయి లేని ఇత్తడి గిన్నెలో చింతపండు పులుసు కాచకూడదు. రోలు, తిరగలి, రుబ్బురోలు విషయంలో మా మాట మొహమాటం లేకుండా చెబుతాం: నాలుగో అంతస్తులో ఎవరూ రుబ్బరు. తోట ఉన్నవాళ్లకిచ్చేయండి.

అపోహ: పిల్లలకు కావలసినవి వాళ్లే వచ్చి తీసుకుంటారు.

వాస్తవం: అమెరికా విమానంలో ఎకానమీ ప్రయాణికులకు మామూలుగా 23 కిలోల పెట్టెలు రెండు. అందులో ఊరగాయలకే సగం పోతుంది. "అక్కడే ఉంచమ్మా, వచ్చినప్పుడు చూద్దాం" అనే మాటకు ఫ్లాట్‌లో అర్థం ఒక గది. ప్రతి వస్తువుకూ నంబరు చీటీ అంటించి ఫొటో తీసి కుటుంబ వాట్సాప్ గ్రూపులో పెట్టండి. గడువు తేదీ కచ్చితంగా రాయండి. ఒకే వస్తువును ఇద్దరు అడిగితే చీటీ వేయండి. గడువు దాటినవి ఎవరికివ్వాలో మీ ఇష్టం.

ఫొటో ఆల్బములు మాత్రం మొదటి వారం తెరవొద్దు. తెరిస్తే ఆ రోజు పని అక్కడితో సరి. ముందు బాత్రూమ్, సామాన్ల గది, వంటింటి పై అరలు, తర్వాత బట్టలు, తర్వాత పుస్తకాలు, ఆఖరున ఫొటోలు. జిగురు పేజీల పాత ఆల్బముల్లో ఫొటోలను లాగొద్దు, పళ్లు శుభ్రం చేసుకునే ఫ్లాస్ దారం కిందికి పోనిచ్చి మెల్లగా రంపంలా కదపండి. 4×6 ఫొటోను 600 డీపీఐలో స్కాన్ చేస్తే 2400×3600 పిక్సెళ్లు వస్తాయి, మళ్లీ పెద్దది చేయించడానికి చాలు.

అపోహ: ఇల్లమ్మి ఫ్లాట్ కొంటున్నాం కాబట్టి పన్ను ఉండదు.

వాస్తవం: కొన్నంత మేరకే ఉండదు. ఇక్కడ కాస్త ఆగి చదవండి, ఎందుకంటే చిన్న ఇంటికి మారేవాళ్లకు దెబ్బ తగిలేది ఇక్కడే. పాత ఇల్లు పెద్దది, ఫ్లాట్ చవక. తేడా మీద పన్ను పడుతుంది. ఉదాహరణకు దీర్ఘకాలిక మూలధన లాభం, అంటే చాలాకాలం ఉంచుకున్న ఇల్లు అమ్మితే కొన్న ధర పోను మిగిలేది, 1.20 కోట్లనుకోండి. ఫ్లాట్ 80 లక్షలు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి సుమారు ఏడున్నర శాతం, అంటే ఇంకో 6 లక్షలు. ఈ ఖర్చూ ఇంటి ధరలో కలుస్తుంది, చాలామంది కలపడం మరిచిపోతారు. మిగిలిన 34 లక్షల మీద 12.5 శాతం, 4 శాతం సెస్‌తో దాదాపు 4.42 లక్షలు. ఆ 34 లక్షలను అమ్మిన ఆరు నెలల్లోపు ప్రభుత్వం గుర్తించిన మూలధన లాభాల బాండ్లలో పెడితే ఈ పన్నూ తప్పుతుంది. వాటి పరిమితి 50 లక్షలు, ఐదేళ్లు తీయకూడదు. డెబ్బై దాటినవాళ్లు ఆసుపత్రి ఖర్చులకు వేరే డబ్బు ఉంచుకున్నాకే ఆ పని చేయాలి.

2024 జులై 23కు ముందు కొన్న ఇల్లయితే, భారత్‌లో నివాసం ఉన్న వ్యక్తులకు ఇండెక్సేషన్‌తో (ధరల పెరుగుదలకు తగ్గట్టు కొన్న ధరను పెంచి చూడటం) 20 శాతం లెక్కా అందుబాటులో ఉంది. రెండూ వేయించి తక్కువ వచ్చింది కట్టండి. 2001 ఏప్రిల్ 1కి ముందు కొన్న, కట్టిన ఇళ్లకు ఆనాటి మార్కెట్ విలువను కొనుగోలు ధరగా తీసుకోవచ్చు. తాతలనాటి ఇళ్లకు ఇది పెద్ద తేడా తెస్తుంది.

మేం ముందన్న వరస ఇక్కడ పనికొస్తుంది. పాత ఇల్లు అమ్మిన తర్వాత రెండేళ్లలోపు కొత్తది కొన్నప్పుడే కాదు, అమ్మడానికి ముందు ఏడాదిలోపు కొన్నా మినహాయింపు వర్తిస్తుంది. కాబట్టి చేతిలో కాస్త డబ్బుంటే ఫ్లాట్ ముందు కొని, రెండుమూడు నెలలు మెల్లగా మారి, ఖాళీ ఇల్లు అమ్ముకోవచ్చు. అమ్మకం అయ్యాక కొనుగోలుదారు ఇచ్చిన నెల రోజుల గడువులో నలభై ఏళ్ల సామాను సర్దడం అనే నరకం ఉండదు. అమ్మాక కొనేవాళ్లు రిటర్న్ దాఖలు గడువులోపు కొనకపోతే, ఆ సొమ్మును బ్యాంకులో మూలధన లాభాల ఖాతాలో వేయాలి. మామూలు ఫిక్స్‌డ్ డిపాజిట్ లెక్కకు రాదు. కొత్త ఇల్లు మూడేళ్లలోపు అమ్మితే మినహాయింపు వెనక్కి పోతుంది.

అమ్మకపు ధర 50 లక్షలు, ఆపైన ఉంటే కొనేవారు 1 శాతం టీడీఎస్ (డబ్బు ఇచ్చేటప్పుడే పట్టుకునే పన్ను) కోస్తారు. నాన్న పోయాక ఇంట్లో వాటా ఉన్న కొడుకు విదేశంలో ఉంటే ఆ వాటాకు ఈ 1 శాతం వర్తించదు, ఎన్ఆర్ఐల రేటు చాలా ఎక్కువ. తక్కువ కోత కోసం ఆదాయపు పన్ను శాఖ నుంచి ముందే సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. బేరం కుదిరాక దరఖాస్తు పెడితే రిజిస్ట్రేషన్ రోజు వెనక్కి జరుగుతుంది.

అపోహ: చిన్న ఇల్లు, చిన్న ఖర్చు.

వాస్తవం: కరెంటు, పెయింటు తగ్గుతాయి. కొత్తగా మెయింటెనెన్స్ వస్తుంది. అడుగుకు 3 రూపాయలంటే 1,200 అడుగులకు నెలకు 3,600, ఈ లెక్కకు మళ్లీ సూపర్ బిల్టప్పే. కార్పస్ ఫండ్ (పెద్ద మరమ్మతుల కోసం అందరూ కలిపి వేసే నిధి) ఎంత, వేసవిలో నీళ్ల ట్యాంకర్ల ఖర్చు విడిగా పంచుతారా అని పాత నివాసులనే అడగండి. నిర్మాణంలో ఉన్న ఫ్లాట్‌కు జీఎస్టీ ఉంటుంది (సాధారణంగా 5 శాతం), ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (భవనం నివాసానికి సిద్ధమని అధికారులిచ్చే పత్రం) వచ్చాక కొంటే ఉండదు. బియ్యం కూడా ఏడాదికి సరిపడా తెచ్చుకునే అలవాటు ఇక కుదరదు. ఇద్దరికి నెలకు 10-12 కిలోలు, 25 కిలోల బస్తా రెండు నెలలు. పొలం నుంచి వచ్చేవి ఊళ్లో మిల్లులోనే ఉంచి దఫాలుగా తెప్పించుకుంటే పురుగూ పట్టదు.

అపోహ: ప్యాకర్స్ వాళ్లు అన్నీ చూసుకుంటారు.

వాస్తవం: అట్టపెట్టెలు వాళ్లే చూసుకుంటారు. ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషీన్ వెనక బిగించాల్సిన ట్రాన్సిట్ బోల్టులు మీ దగ్గరే ఎక్కడో డబ్బాలో ఉంటాయి. అవి లేకుండా లారీ ఎక్కిస్తే డ్రమ్ము ఊగి సస్పెన్షన్ పాడవుతుంది. బిగించినవి కొత్తింట్లో తీయకుండా నడిపినా అంతే. ఫ్రిజ్ పడుకోబెడితే కంప్రెసర్ నూనె గొట్టాల్లోకి పాకుతుంది. నిలబెట్టి తెచ్చినదాన్ని కొన్ని గంటలాగి, పడుకోబెట్టి తెచ్చినదాన్ని ఒక రోజు నిలబెట్టాక ఆన్ చేయండి. స్ప్లిట్ ఏసీని విప్పేముందు గ్యాస్‌ను బయటి యూనిట్‌లోకి లాగించాలి, ఊరికే పైపు కోస్తే మొత్తం పోతుంది. మీరు స్వయంగా సర్దిన పెట్టెలో గాజు పగిలితే బీమా సాధారణంగా రాదు. బంగారం, దస్తావేజులు, పింఛను కాగితాలు, వారానికి సరిపడా మందులు మీ చేతి సంచిలోనే రావాలి.

గ్యాస్ సిలిండర్ లారీలో ఎక్కించరు. అదే నగరంలో ఏజెన్సీ మారితే సిలిండర్, రెగ్యులేటర్ మీతోనే ఉంటాయి, బదిలీ పత్రం చాలు. వేరే ఊరైతే రెండూ అప్పగించి డిపాజిట్ వెనక్కి తీసుకుని ట్రాన్స్‌ఫర్ వోచర్ రాయించుకోవాలి. స్టవ్ మాత్రం మీ దగ్గరే ఉంటుంది. వోచర్ చూపించి కొత్త కనెక్షన్ తీసుకునేదాకా వంట కోసం ఇండక్షన్ స్టవ్, దాని మీద పనిచేసే గిన్నెలు రెండు విడి పెట్టెలో పెట్టి, ఆ పెట్టెను లారీలో అన్నిటికన్నా ఆఖరున ఎక్కించండి.