ముహూర్తం పెట్టేది కడుపులోని పిల్లే

గొర్రె చూలు కాలం సుమారు 147 రోజులు. జాతిని బట్టి, కడుపులో ఉన్న పిల్లల సంఖ్యను బట్టి కొద్ది రోజులు అటూ ఇటూ అవుతుంది గాని, ఐదు నెలలకు కొంచెం తక్కువ అన్న లెక్క దాదాపు ఎప్పుడూ తప్పదు. గొర్రె దాదాపు 17 రోజులకొకసారి ఎదకు వస్తుంది కాబట్టి, పొట్టేలును రెండు ఎదల కాలం, అంటే ఐదు వారాలు, మందలో ఉంచి ఆ తరువాత వేరుచేస్తే, ఈతలు కూడా ఇంచుమించు ఐదు వారాల్లోనే ముగుస్తాయి. ఒకరిద్దరు మనుషులే అన్నీ చూసుకోవలసిన చిన్న గొర్రెల ఫారంలో ఇది చాలా అవసరమైన ఏర్పాటు. ఏడాది పొడవునా అప్పుడొక రాత్రి ఇప్పుడొక రాత్రి మేలుకోవడం కంటే, ఐదు వారాలు వరుసగా నిద్ర తగ్గించుకోవడం నయం.

ఆ ఐదు వారాల్లో కాపరి దినచర్యను నడిపేవి తల్లి శరీరంలోను, అంతకంటే ఎక్కువగా పిల్ల శరీరంలోను ఉన్న కొన్ని గడువులు. వాటిలో కొన్ని వారాల పాటు ఉంటాయి, కొన్ని గంటల్లో ముగుస్తాయి, కొన్ని నిమిషాలే ఉంటాయి. అర్ధరాత్రి లాంతరు పట్టుకుని కొట్టంలోకి వెళ్లడం, పొదుగును చేత్తో పిండి చూడడం, బొడ్డుకు అయొడిన్ రాయడం వంటి పనులన్నీ ఏదో ఒక గడువు దాటిపోకముందే జరగవలసినవి.

మొదటి గడువు ఈతకు ఆరు వారాల ముందే మొదలవుతుంది. పుట్టేనాటికి పిల్లకు ఉండే బరువులో దాదాపు 70 శాతం ఈ చివరి ఆరు వారాల్లోనే పెరుగుతుంది. సరిగ్గా అదే కాలంలో, పెరుగుతున్న గర్భసంచి రూమెన్‌ను, అంటే మేత నిలవుండి పులిసే పెద్ద పొట్టను, పక్కకు నొక్కివేయడంతో తల్లి తినగలిగే మేత తగ్గుతుంది. కవలలను మోస్తున్న గొర్రెకు గ్లూకోజు చాలక, అది తన ఒంట్లోని కొవ్వును కరిగించుకోవడం మొదలుపెడుతుంది. కొవ్వు మరీ వేగంగా కరిగితే కాలేయం దాన్ని పూర్తిగా వినియోగించలేక కీటోన్లు అనే పదార్థాలను రక్తంలోకి వదులుతుంది. పశువైద్యులు ప్రెగ్నెన్సీ టాక్సీమియా అని పిలిచే ఈ జబ్బులో గొర్రె మందకు దూరంగా దిక్కుతోచనట్టు నిలబడుతుంది, చూపు మందగిస్తుంది, ఊపిరిలో అసిటోన్ వాసన వస్తుంది, చివరికి లేవలేక పడిపోతుంది. అందువల్ల ఉదయం దాణా వేసేటప్పుడు అనుభవమున్న కాపరి కళ్లు తొట్టి దగ్గర తోసుకుంటున్న గొర్రెల మీద నిలవవు. మేతకు రాకుండా వెనుక ఆగిపోయిన గొర్రెను అవి వెతుకుతాయి. దాన్ని ఆ పూటే గుర్తించి ఒంట్లో గ్లూకోజుగా మారే ప్రొపిలీన్ గ్లైకాల్ అనే ద్రవాన్ని తాగిస్తే కోలుకునే అవకాశం బాగా ఉంటుంది. పడిపోయిన గొర్రెను లేపడం చాలా కష్టం.

ఇక ఈత ఏ రోజు మొదలవుతుందన్నది. నూటికి తొంభై తొమ్మిది పాళ్లూ తల్లి శరీరమే దాన్ని నిర్ణయిస్తుందని ఎవరికైనా అనిపిస్తుంది. అది నిజం కాదనడానికి తొలి సూచన ఒక విషాదం నుంచి వచ్చింది. అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో కొన్ని మందల్లో నుదుటి మధ్య ఒకే కన్నున్న పిల్లలు పుడుతుండగా, 1950లలో జరిగిన పరిశోధనలో అందుకు కారణం వెరాట్రమ్ కాలిఫోర్నికమ్ అనే కొండ మొక్క అని తేలింది. చూలు కట్టిన 14వ రోజు ప్రాంతంలో ఆ మొక్కను మేసిన గొర్రెలకే అలాంటి పిల్లలు కలిగాయి. అంతకంటే వింత విషయం ఏమంటే, ఆ గొర్రెల్లో కొన్ని, రోజులు నిండినా, ఈనలేదు. వాటి కడుపులోని పిల్లల్లో మెదడు అడుగున ఉండవలసిన పీయూష గ్రంథి ఏర్పడలేదు.

న్యూజిలాండ్ వైద్యుడు మాంట్ లిగిన్స్ 1960లలో ఈ ప్రశ్నను నేరుగా పరీక్షించాడు. గర్భంలోనే ఉన్న పిల్ల పీయూష గ్రంథిని పనిచేయకుండా చేసినప్పుడు, రోజులు దాటిపోయినా ఈత రాలేదు. కడుపులోని పిల్లకు కార్టిసాల్ వంటి హార్మోన్లను ఎక్కించినప్పుడు రోజులు నిండకముందే ఈత వచ్చేసింది. అంటే సంకేతం బయలుదేరేది పిల్ల మెదడు నుంచి. చూలు చివరి రోజుల్లో పిల్ల పీయూష గ్రంథి దాని అడ్రినల్ గ్రంథులను ప్రేరేపిస్తుంది, అవి కార్టిసాల్‌ను అంతకంతకు ఎక్కువగా విడుదల చేస్తాయి, ఆ కార్టిసాల్ మాయలోని ఎంజైములను మార్చివేసి, అప్పటిదాకా గర్భాన్ని నిశ్చలంగా ఉంచిన ప్రొజెస్టిరాన్ తగ్గి ఈస్ట్రోజెన్ పెరిగేట్టు చేస్తుంది. ఆ వెనుక గర్భసంచిని ముడుచుకునేట్టు చేసే ప్రోస్టాగ్లాండిన్లు, ఆక్సిటోసిన్ తోడై నొప్పులు మొదలవుతాయి.

లిగిన్స్ గమనించిన మరొక విషయం మనుషులకు అంతకంటే పెద్ద మేలు చేసింది. అంత త్వరగా పుట్టిన పిల్లలు ఊపిరి తీసుకోలేక చనిపోవాలి. కాని హార్మోను అందుకున్న పిల్లల ఊపిరితిత్తులు కొంతమేరకు విచ్చుకున్నాయి. ఈతను మొదలుపెట్టే కార్టిసాలే, ఊపిరితిత్తుల గాలి సంచులు ఒకదానికొకటి అంటుకోకుండా కాపాడే సర్‌ఫాక్టెంట్ అనే పదార్థం తయారయ్యేందుకు కూడా తోడ్పడుతుంది. ఈ పరిశీలనను 1969లో ప్రకటించాక, లిగిన్స్ పిల్లల వైద్యుడు రాస్ హౌవీతో కలిసి గర్భిణులకు స్టెరాయిడ్ ఇచ్చి చూసి, నెలలు నిండకుండా పుట్టే శిశువుల మరణాలు తగ్గుతున్నాయని 1972లో చూపించాడు. ఇవాళ ముందుగా కాన్పు అయ్యే ప్రమాదమున్న తల్లికి వైద్యులు ఇచ్చే ఆ ఇంజెక్షన్ కథ గొర్రెపిల్లల దగ్గర మొదలైంది. ఏ పెంపుడు జంతువు నుంచీ మనిషికి ఇంతకంటే విలువైన పాఠం దొరికినట్టు నాకు తోచదు.

కొట్టంలో ఉన్నవారికి మాత్రం ఈ సంకేతం కనబడదు, దాని ఫలితాలే కనబడతాయి. పొదుగు బిగుస్తుంది, తోక మొదట ఇరువైపులా ఉన్న కండరాలు సడలి గుంటలు పడతాయి, గొర్రె మంద నుంచి విడిపోయి ఒక మూల చేరి గిట్టతో నేలను తవ్వుతుంది, లేస్తూ పడుకుంటూ ఉంటుంది. గర్భాశయ ముఖం విచ్చుకోవడానికి కొన్ని గంటలు పడుతుంది. ఆ సమయంలో చేయవలసింది దూరంగా నిలబడి చూడడమే, తొందరపడి దగ్గరికి వెళ్లి కంగారు పెడితే ఈత ఇంకా ఆలస్యమవుతుంది. ఉమ్మనీటి సంచి కనబడి, గొర్రె గట్టిగా ముక్కడం మొదలయ్యాక మాత్రం గడువు చిన్నదవుతుంది. అరగంట నుంచి గంట వరకు ముక్కినా పురోగతి లేకపోతే చేతులు శుభ్రంగా కడుక్కుని, తొడుగు వేసుకుని, జారుడు ద్రవం రాసుకుని లోపల ఏముందో తడిమి చూడాలి.

సరైన స్థితిలో పిల్ల రెండు ముంగాళ్లు, వాటి మీద ముట్టె ముందుగా వస్తాయి. ఒక కాలు వెనక్కి మడుచుకున్నా, తల పక్కకు తిరిగినా, రెండు పిల్లల కాళ్లు ఒకదానితో ఒకటి కలిసినా పిల్ల బయటికి రాలేదు. కంటికి కనబడని చోట చేతికి తగిలిన కాలు ముంగాలా వెనుకకాలా అని తేల్చుకోవడానికి ఒక గుర్తు ఉంది. గిట్ట పైనున్న కీలూ దాని తరువాతి కీలూ ఒకే వైపు వంగితే అది ముంగాలు, ఒకటి ఒక వైపు రెండవది ఎదురు వైపు వంగితే అది వెనుకకాలు. వెనుకకాళ్లతో వస్తున్న పిల్లను, వస్తున్నదని తెలిసిన తరువాత, ఆలస్యం చేయకుండా బయటికి తీయాలి. ఎందుకంటే దాని తల ఇంకా లోపల ఉండగానే బొడ్డుతాడు తల్లి కటి ఎముకల మధ్య నలిగి, పిల్ల ఉమ్మనీటిలోనే ఊపిరి పీల్చే ప్రయత్నం చేయవచ్చు. చేయి తిరగని స్థితి అనిపిస్తే బలం ఉపయోగించకుండా పశువైద్యుడిని పిలవడమే సరైన పని.

పుట్టిన పిల్ల తల్లి గర్భంలోని వెచ్చదనం నుంచి తడి ఒంటితో ఒక్కసారిగా చల్లగాలిలోకి వస్తుంది. ఒంటి మీది తడి ఆరేకొద్దీ ఆవిరితో పాటు వేడి పోతుంది. దీన్ని తట్టుకోవడానికి పిల్ల ఒక ఇంధనాన్ని వెంట తెచ్చుకుంటుంది. మూత్రపిండాల చుట్టూ ఎక్కువగా ఉండే ఈ గోధుమరంగు కొవ్వు, మామూలు కొవ్వులా శక్తిని దాచుకోకుండా, వణుకుతో పనిలేకుండానే నేరుగా వేడిగా మారుతుంది. అయితే అది కొన్ని గంటలకే సరిపోతుంది. ఆ లోపల పాలు అందకపోతే పిల్ల చల్లబడుతుంది. తల్లి నాకడం వల్ల పిల్ల ఆరడమే కాదు, దాని ఊపిరీ రక్తప్రసరణా కూడా చురుకుగా మారతాయి. ఆరోగ్యంగా ఉన్న పిల్ల సాధారణంగా అరగంటలో నిలబడి, గంట రెండు గంటల్లో చన్ను పట్టుకుంటుంది.

ఆ మొదటి పాలే జున్నుపాలు. గొర్రె మాయ నిర్మాణం వల్ల తల్లి రక్తంలోని యాంటీబాడీలు కడుపులోని పిల్లకు చేరవు. అందుకే గొర్రెపిల్ల రోగనిరోధక రక్షణ దాదాపు ఏమీ లేకుండా పుడుతుంది. ఆ లోటును జున్నుపాలు తీరుస్తాయి, కాని పేగు గోడ యాంటీబాడీల వంటి పెద్ద అణువులను చెక్కు చెదరకుండా రక్తంలోకి పంపగలిగేది తొలి గంటల్లోనే. ఆ శక్తి ఆరు గంటల తరువాత బాగా తగ్గుతుంది, ఇంచుమించు ఒక రోజుకు పూర్తిగా ఆగిపోతుంది. ఆ తరువాత ఎంత జున్నుపాలు తాగించినా కడుపు నిండుతుంది గాని రక్తానికి రక్షణ చేరదు. ఒంటి బరువులో కిలోకు 50 మిల్లీలీటర్ల చొప్పున మొదటి కొద్ది గంటల్లోనూ, తొలి 24 గంటల్లో మొత్తం కిలోకు 200 మిల్లీలీటర్లూ అందాలన్నది వాడుకలో ఉన్న లెక్క. నాలుగు కిలోల పిల్లకు అది తొలి మేతలో 200, రోజుకు 800 మిల్లీలీటర్లు అవుతుంది. ఈతకు నాలుగు నుంచి ఆరు వారాల ముందు తల్లికి క్లాస్ట్రిడియం అనే క్రిములు తెచ్చే జబ్బుల టీకా వేయడంలో ఉద్దేశం కూడా ఇదే, ఆ సమయానికి వేస్తే యాంటీబాడీలు జున్నుపాలలోకి చేరి పిల్లను కాపాడతాయి.

కాబట్టి కాపరి పిల్ల పుట్టగానే రెండు చనుకట్లనూ పిండి, చివర అడ్డుపడే మైనపు బిరడాను తొలగించి, పాలు వస్తున్నాయని చూసుకుంటాడు. చన్ను పట్టలేని పిల్లకు పాలను మెత్తని గొట్టంతో నేరుగా పొట్టలోకి పంపుతాడు. తల్లి వద్ద పాలు చాలనప్పుడు, మరొక గొర్రె నుంచి ముందే పిండి గడ్డకట్టించి దాచిన జున్నుపాలను గోరువెచ్చని నీటిలో ఉంచి కరిగించాలి. మరిగించడం గాని ఎక్కువ వేడి చేయడం గాని చేస్తే యాంటీబాడీలు పాడైపోతాయి.

చల్లబడిన పిల్ల విషయంలో తప్పు చేయడం సులభం. గొర్రెపిల్ల మామూలు ఉష్ణోగ్రత 39 నుంచి 40 డిగ్రీల సెల్సియస్, 37 కంటే తగ్గితే ప్రాణానికి ప్రమాదం. పుట్టి ఐదు గంటలు దాటని పిల్లను ఆరబెట్టి వెచ్చబెడితే సరిపోతుంది. అంతకంటే పెద్ద పిల్ల చల్లబడిందంటే దాని గోధుమరంగు కొవ్వు అయిపోయి, రక్తంలో గ్లూకోజు కూడా తగ్గిపోయి ఉండవచ్చు. అలాంటి పిల్లను ముందుగా వెచ్చబెడితే వేడెక్కుతున్న మెదడుకు గ్లూకోజు అవసరం పెరిగి, అది అందక మూర్ఛ వచ్చి చనిపోవచ్చు. అందువల్ల శిక్షణ ఉన్నవారు ముందు గ్లూకోజు ద్రావణాన్ని ఉదరకుహరంలోకి ఎక్కించి ఆ తరువాతే వెచ్చబెడతారు. దయతో చేసే పని కూడా వరుస తప్పితే ప్రాణం తీస్తుందన్నది ఈ కాలంలో ప్రతి కాపరి గుర్తుంచుకోవలసిన విషయం.

పిల్లను తల్లి తన పిల్లగా ఎలా గుర్తిస్తుంది? మామూలు రోజుల్లో గొర్రెకు ఉమ్మనీటి వాసన అంటేనే గిట్టదు. ఈనిన వెంటనే అదే వాసన దానికి ఎదురులేని ఆకర్షణగా మారుతుంది. పిల్ల వచ్చే దారి సాగినప్పుడు పుట్టే నాడీ సంకేతం మెదడులో ఆక్సిటోసిన్‌ను విడుదల చేసి, వాసనలను పసిగట్టే భాగాన్ని కొత్త వాసన నేర్చుకోవడానికి సిద్ధం చేస్తుంది. బారీ కెవర్న్, ఫ్రెడెరిక్ లెవీ తదితరులు 1983లో ప్రకటించిన ప్రయోగంలో, ఈనని గొర్రెలకు హార్మోన్లు ఇచ్చి ఆ దారిని కొద్ది నిమిషాలు ప్రేరేపించగా అవి కొత్త పిల్లలను చేరదీశాయి. ఈనిన తల్లి రెండు గంటల్లోనే తన పిల్ల వాసనను నేర్చుకుంటుంది, ఆ తరువాత పాలు తాగడానికి వచ్చిన పరాయి పిల్లను తల ఊపి తరిమికొడుతుంది.

తల్లి లేని పిల్లను మరొక గొర్రెకు అలవాటు చేసే పద్ధతులన్నీ ఈ గడువు మీదే ఆధారపడ్డాయి. ఒంటరి పిల్లను ఈనుతున్న గొర్రె దగ్గర ఆ ఉమ్మనీటిలో అనాథ పిల్లను తడిపి, సొంత పిల్ల కంటే ముందు దాన్నే ముట్టె ముందు పెడితే తల్లి రెంటినీ నాకుతుంది. పిల్ల చనిపోయిన గొర్రెకైతే చనిపోయిన పిల్ల తోలును అనాథ పిల్లకు తొడిగి ఒకటి రెండు రోజులు ఉంచుతారు. ఆ లోపల పాల ద్వారా వచ్చే తల్లి వాసన పిల్ల ఒంటికి పట్టి తోలు అవసరం తీరిపోతుంది.

తొలి రెండు రోజులు తల్లీపిల్లలను చిన్న గదిలో విడిగా ఉంచడానికి కారణం ఈ బంధమే. ఆ గదులు చూడడంతోనే తెల్లవారుతుంది. లేచిన పిల్ల ఒళ్లు విరుచుకుంటే కడుపు నిండిందన్నమాట, వీపు వంచి నిలబడి ఉంటే పాలు అందడం లేదు. మాయ సాధారణంగా కొద్ది గంటల్లో పడుతుంది, పడనప్పుడు లాగకూడదు. ప్రతి ఈతకూ గడ్డి మార్చి, బొడ్డును అయొడిన్‌లో ముంచకపోతే క్రిములు ఆ దారిన చేరి కీళ్లవాపు తెస్తాయి. గర్భిణులు ఈ పనులకు దూరంగా ఉండాలని ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే టాక్సోప్లాస్మా, క్లామిడియా వంటి క్రిములు ఉమ్మనీరు, మాయల ద్వారా వ్యాపించి మనుషులకు కూడా గర్భస్రావం కలిగించగలవు.

ఇన్నింటి మధ్య కొట్టం గోడకు వేలాడే నోటు పుస్తకంలో రాసుకోవడానికి సమయం దొరకదు, అయినా రాయాలి. ఏ గొర్రెకు సహాయం కావలసి వచ్చింది, ఏది తన పిల్లను తోసేసింది, దేనికి యోని బయటికి జారింది, ఏ తల్లి పాలు రెండు పిల్లలకూ చాలాయి అన్న విషయాలు నెల తిరగకుండానే మరుగున పడతాయి. యోని జారిన గొర్రెకు మళ్లీ జారే ప్రమాదం ఎక్కువ కాబట్టి మందలో ఉంచకపోవడమే మేలు. తొలిచూలు గొర్రె పిల్లను పట్టించుకోకపోవడం అనుభవలేమి వల్ల కావచ్చు గనుక దానికి మరొక అవకాశం ఇవ్వవచ్చు, రెండవ ఈతలోనూ అలాగే చేస్తే దాన్నీ దాని ఆడపిల్లలనూ పెంపకానికి ఉంచుకోరు.