నల్లపైపు ఎందుకు ఊడింది?

చిరంజీవులు బుజ్జికీ చిన్నూకీ తాతయ్య ఆశీస్సులు. ఇక్కడ నేనూ అమ్మమ్మా కులాసా.

మొన్న ఫోనులో చిన్నూ అడిగాడు కదా, "మనం డాబా మీంచి పెరట్లోకి వేసిన నల్లపైపు ఎందుకూడింది తాతయ్యా, సొల్యూషన్ పుయ్యలేదా?" అని. ఫోనులో చెబితే సగం వింటారు, అందుకే రాస్తున్నా.

తప్పు నాదేరా. మే నెల మిట్టమధ్యాహ్నం చుట్ట విప్పి, లాగి మరీ బిగించాను. గీత గీసినట్టుందని అమ్మమ్మ చేత అనిపించుకున్నాను కూడా! ధనుర్మాసంలో ఒకరోజు తెల్లారి చూద్దుం కదా, ట్యాంకు ఖాళీ, బీరపాదు మడి చెరువు. మన నల్లపైపు పాలిథిన్‌ది. అది ఎండకు సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. మీటరు పొడవుకు, ఒక్కో డిగ్రీకి, సుమారు 0.2 మిల్లీమీటర్లు. ఓస్ ఇంతేనా అనకండి. మన పైపు 10 మీటర్లు. ఎండలో కాలినప్పటికీ తెల్లవారుజాముకీ 40 డిగ్రీల తేడా వేసుకోండి. 80 మిల్లీమీటర్లు, అంటే మూడంగుళాల పైమాటే! నేను కాస్త కూడా వదులు ఉంచలేదాయె, జాయింటులోంచి లాక్కుంది. ఇప్పుడు పాము పాకినట్టు వంపులు పెట్టి వేశాను. క్లాంపులూ వదులే.

సొల్యూషన్ సంగతికొస్తే, పైపులు అతికించే ఆ జిగురు పీవీసీ పైపొరను కరిగించి రెండు ముక్కల్నీ ఒకటి చేస్తుంది. పాలిథిన్ దానికి కరగదు. డబ్బా మొత్తం పూసినా పెచ్చులా ఊడొస్తుంది. అందుకే మర బిగించే కప్లింగు. అందులో రబ్బరు రింగు నీళ్లను ఆపుతుంది, పళ్లున్న రింగు పైపును పట్టుకుంటుంది. పైపును ఏటవాలుగా కొయ్యకూడదు. కోసిన అంచును చాకుతో కాస్త గీకాలి, లేకపోతే రబ్బరు తెగుతుంది.

గీజరుకు మాత్రం ఇది వద్దు, వేడికి మెత్తబడుతుంది. అమెరికాలో మీ పిన్ని వాళ్లింటి గోడల్లో ఎర్రవీ నీలంవీ ఉన్నాయే, అవి పెక్స్. పాలిథిన్‌లోని అణువుల గొలుసుల్ని ఒకదానికొకటి ముడేసి చేస్తారు. జర్మనీలో థామస్ ఎంగెల్ అనే ఆయన 1968లో దారి చూపించాడు. అందులో ఒక రకం చివరను పనిముట్టుతో వెడల్పు చేసి ఇత్తడి ముక్క దూరిస్తే, కాసేపట్లో పాత సైజు గుర్తొచ్చినట్టు ముడుచుకుని దాన్ని కరిచిపట్టుకుంటుంది. కానీ పెక్స్ ఎండకు ఆగదు. మన నల్లపైపులో కార్బన్ మసి కలుపుతారు కాబట్టి డాబా మీద నిలుస్తోంది.

సంక్రాంతికి వచ్చేటప్పుడు టెఫ్లాన్ టేపు రెండు చుట్టలు తెమ్మని నాన్నతో చెప్పండి. ఇక్కడ కొట్లో దొరికేది మరీ పలచన.

మీ తాతయ్య