పాత కంప్యూటర్ నాడి అంకెల్లోనే దొరుకుతుంది

విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో పాత డెస్క్‌టాప్‌ను రిపేరు దుకాణానికి తీసుకెళితే మొదట వినిపించే సలహాలు రెండే. ఒకటి, ఫార్మాట్ కొట్టేద్దాం. రెండోది, ర్యామ్ వేయించండి. ఈ రెండూ అప్పుడప్పుడు పనిచేస్తాయి. వాటితో వచ్చిన చిక్కే అది, ఎందుకంటే పనిచెయ్యని చోట కూడా జనం వాటినే నమ్ముకుంటారు. కంప్యూటర్‌లో లెక్కలన్నీ చేసే చిప్పు, అంటే ప్రాసెసర్, దాని వేగమే సగానికి పడిపోయినప్పుడు ఈ రెండింటితోనూ ఒరిగేదేమీ లేదు. అది ఎందుకు పడిపోయిందో చాలాసార్లు ఆ వేగపు అంకే చెబుతుంది. చదవడానికి ఎక్కాలు వస్తే చాలు.

2009లో వచ్చిన ఇంటెల్ కోర్ 2 డుయో ఇ7500 ప్రాసెసర్‌నే తీసుకుందాం. ఇలాంటివి మన డీటీపీ సెంటర్లలో, బియ్యం మిల్లుల ఆఫీసు గదుల్లో ఇంకా కనిపిస్తూనే ఉంటాయి. దాని వేగం 2.93 గిగాహెర్ట్జ్, అంటే సెకనుకు 293 కోట్ల టిక్కులు. ఈ వేగం మొత్తాన్నీ ప్రాసెసర్ తానే పుట్టించుకోదు. మదర్‌బోర్డు మీద వెండిరంగు డబ్బీలో ఒక చిన్న క్వార్ట్జ్ స్ఫటికం ఉంటుంది. ఆ తరం బోర్డుల్లో అది సెకనుకు 1.43 కోట్ల సార్లు కంపించేది. (ఆ 14.318 మెగాహెర్ట్జ్ అంకె అమెరికా కలర్ టీవీల లెక్క నుంచి వచ్చింది. టీవీలు మారిపోయినా అంకె మాత్రం కంప్యూటర్లలో స్థిరపడిపోయింది.) దాని ఆధారంగా బోర్డు మీది మరో చిప్పు 266 మెగాహెర్ట్జ్ సంకేతాన్ని తయారుచేసి ప్రాసెసర్‌కు అందిస్తుంది. ప్రాసెసర్ దాన్ని లోపల 11తో గుణించుకుంటుంది. వేయి మెగాహెర్ట్జ్ ఒక గిగాహెర్ట్జ్ కనుక 266ను 11తో గుణిస్తే వచ్చేదే 2.93.

ఇక సీపీయూ-జెడ్ లాంటి ఉచిత ప్రోగ్రాంలో వేగం 1.6 అని కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు. అది 266ను ఆరుతో గుణించిన ఫలితం. పని లేనప్పుడు ప్రాసెసర్ తన గుణకాన్ని తానే 11 నుంచి 6కు దించుకుంటుంది. ఇంటెల్ దీన్ని స్పీడ్‌స్టెప్ అంటుంది, ప్రాసెసర్లు చేసే మరో కంపెనీ ఏఎండీ కూల్ అండ్ క్వయెట్ అంటుంది. వేగంతో పాటు వోల్టేజీ కూడా తగ్గడంలోనే అసలు లాభం ఉంది. ఖర్చయ్యే విద్యుత్తు వేగానికి అనుపాతంలోనూ, వోల్టేజీ వర్గానికి అనుపాతంలోనూ ఉంటుంది. ఉదాహరణకు వోల్టేజీ 1.3 నుంచి 1.1కు, వేగం 2.93 నుంచి 1.6కు దిగితే ఆ పనికయ్యే విద్యుత్తు 40 శాతం దగ్గరికి పడిపోతుంది. ఇది జబ్బు కాదు, పొదుపు.

జబ్బో పొదుపో తేలాలంటే ప్రాసెసర్‌కు బరువైన పని అప్పగించాలి. పెద్ద ఫోల్డరును జిప్ చేయిస్తూ అంకెను గమనించండి. పని మొదలవగానే 2.93కు ఎక్కి అక్కడే నిలిస్తే ప్రాసెసర్ తప్పేమీ లేదు. మొదటి క్షణం నుంచీ 1.6 దగ్గరే మొండికేస్తే ఎక్కడో సెట్టింగు బిగిసిపోయిందని అర్థం. కంట్రోల్ ప్యానెల్‌లోని పవర్ ఆప్షన్స్‌లో ప్రాసెసర్ గరిష్ఠ స్థితి 100 శాతం ఉందో లేదో చూడాలి. కరెంటు ఆదా పేరుతో ఎవరో దాన్ని 50కి దించి మరచిపోయి ఉండవచ్చు. యూఎస్‌బీ తీగతో కలిపిన యూపీఎస్‌ను కూడా విండోస్ బ్యాటరీగా లెక్కిస్తుంది కాబట్టి బ్యాటరీకి సంబంధించిన గడి కూడా చూడటం మంచిది.

అలా కాకుండా మొదట 2.93కు ఎక్కి, నాలుగైదు నిమిషాల తర్వాత 1.6కు జారిపోతే అది వేడి. మన జిల్లాల్లో ఎక్కువగా ఎదురయ్యేది ఇదే అని నా అభిప్రాయం. దీని లెక్క కూడా తేలికే. ప్రాసెసర్ ఉష్ణోగ్రత అంటే గది ఉష్ణోగ్రతకు ప్రాసెసర్ వెదజల్లే వేడి వల్ల పెరిగే డిగ్రీలను కలపడమే. ఇ7500కు చెప్పే గరిష్ఠ లెక్క 65 వాట్లు. హీట్ సింక్ (ప్రాసెసర్ మీద కూర్చుని వేడిని లాగేసే అల్యూమినియం రేకుల దిమ్మె) శుభ్రంగా ఉండి ఒక్కో వాట్‌కు 0.6 డిగ్రీ పెరుగుతుందనుకుంటే పెరుగుదల 39 డిగ్రీలు. గది 25 డిగ్రీలు ఉంటే ప్రాసెసర్ 64, గది 40 ఉంటే 79. రెండూ ఫరవాలేదు. దుమ్ము పట్టి వాట్‌కు ఒక డిగ్రీ పెరిగే స్థితికి వచ్చిందనుకోండి. 25 డిగ్రీల గదిలో 90 దాకా వెళ్లి ఎలాగో నెట్టుకొస్తుంది. 40 డిగ్రీల గదిలో 105కు చేరాలి, కానీ చేరదు. వంద దరిదాపుల్లోకి రాగానే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. సంక్రాంతికి బాగానే నడిచిన యంత్రం మే నెలలో మొరాయించడానికి కారణం ఇదే. దుమ్ము రెండు నెలల్లోనూ ఒకటే, మారింది గది.

ఆ దుమ్ము కూడా ఊరిని బట్టి మారుతుంది. నెల్లిమర్ల వైపు జనపనార పీచు, పొందూరులో దూది నూగు, పలాసలో జీడిపిక్కల పొగ, పొట్టు. అన్నిటికన్నా మొండిది బియ్యం మిల్లుల దగ్గరి తవుడు ధూళి. తవుడులో నూనె ఉంటుంది కనుక అది రేకులకు అంటుకుపోతుంది, బ్లోయర్ గాలికి కదలదు. బ్రష్షుతో గోకాల్సిందే.

ఇక్కడ చాలామంది మోసపోయే చోటు ఒకటుంది. డబ్బా తెరిచి చూస్తే పైన ఫ్యాను చక్కగా తిరుగుతూ, శుభ్రంగానే కనిపిస్తుంది. దుమ్ము పేరుకునేది దాని అడుగున, ఫ్యానుకూ అల్యూమినియం రేకులకూ మధ్య. ఫ్యానును విప్పి తీస్తే కింద బూడిదరంగు పొర ఒకటి గుండ్రంగా పరుచుకుని ఉంటుంది. మూల పట్టుకుని లాగితే ఒక్క ముక్కగా ఊడి వచ్చేంత మందం ఉండటం వింతేమీ కాదు. అంటే ఫ్యాను తిరుగుతోంది గానీ గాలి రేకుల్లోకి దిగడం లేదన్నమాట. బ్లోయర్ వాడితే ఫ్యాను రెక్కలను వేలితో ఆపి పట్టుకోండి, విచ్చలవిడిగా తిరగనిస్తే బేరింగు పాడవుతుంది. ఈ తరం ఇంటెల్ హీట్ సింకులను బోర్డుకు పట్టి ఉంచేవి నాలుగు ప్లాస్టిక్ మేకులు. వాటిలో ఒకటి సరిగా దిగకపోయినా సింకు ఒక పక్కకు లేచి, వేడి దాటడం మానేస్తుంది. సింకును ఒకసారి ఎత్తితే దానికీ ప్రాసెసర్‌కూ మధ్య ఉండే పాత పేస్టు తుడిచి కొత్తది వేయాలి, బియ్యపు గింజంత చాలు. పేస్టు పని రెండు లోహాల మధ్య గాలి సందులు పూడ్చడం మాత్రమే, మందంగా పూస్తే అదే అడ్డవుతుంది.

2004 నాటి పెంటియం 4 యంత్రాల్లో మాత్రం అంకె అబద్ధమాడుతుంది. అవి వేడెక్కినప్పుడు గుణకాన్ని దించకుండా గడియారపు టిక్కులను మధ్యమధ్యలో ఆపేసేవి. కొన్ని ప్రోగ్రాంలలో 3.0 అనే చూపిస్తుంది, పని మాత్రం సగం కూడా సాగదు. అలాంటప్పుడు వేగాన్ని కాక ఉష్ణోగ్రతను చూడాలి. ఆ ఏడాదే ఇంటెల్ 4 గిగాహెర్ట్జ్ పెంటియం 4 తెచ్చే ఆలోచన విరమించుకుంది. వేగం పెంచుకుంటూ పోయే దారికి వేడి అడ్డుగోడ కట్టింది అప్పుడే.

ఇంకా పాతది, 2003 నాటి ఏఎండీ అథ్లాన్ ఎక్స్‌పీ 2500+ ఉంటే మరో వింత. దాని అసలు వేగం 2500 కాదు, 1833 మెగాహెర్ట్జ్. అంటే 166ను (కచ్చితంగా చెప్పాలంటే 166.67ను) 11తో గుణించినది. అది ఉన్నట్టుండి 1100 చూపిస్తే 166 కాస్తా 100 అయిందని గుణకమే చెబుతోంది. కారణం ప్రాసెసర్ కాదు, బోర్డు మీది బిళ్ల బ్యాటరీ. 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం ఉండే సీఆర్2032 అది. అది చచ్చిపోతే బయోస్ సెట్టింగులు (కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు బోర్డు చదువుకునేవి) చెరిగిపోతాయి, ఆ తరం బోర్డులు చాలావరకు క్షేమం కోరి 100 దగ్గర మొదలుపెడతాయి. తేదీ కూడా ఏళ్ల వెనక్కి పోతుంది, దాంతో భద్రతా పత్రాల గడువు లెక్క కుదరక వెబ్‌సైట్లు తెరుచుకోవు. మనవాళ్లకు పని అవగానే గోడమీది స్విచ్చు ఆపే అలవాటు. కరెంటు ఉన్నంతసేపూ గడియారానికి బోర్డే తిండి పెడుతుంది, ఆపేస్తే ఆ భారమంతా ఈ బిళ్ల మీద పడుతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు ఉద్దానం పల్లెల్లో రోజుల తరబడి కరెంటు లేనప్పుడు గడియారాలను నడిపినవి ఈ బిళ్లలే. కొత్త బిళ్ల మల్టీమీటరు మీద 3 వోల్టులు చూపాలి, 2.7 కంటే దిగితే మార్చేయడమే మేలు. కోర్ 2 తరం మాత్రం తనకు కావలసిన 266నో 333నో పిన్నుల ద్వారా తానే బోర్డుకు చెప్పుకుంటుంది కాబట్టి బ్యాటరీ పోయినా వేగం పోదు, తేదీ పోతుందంతే.

ప్రాసెసర్ చుట్టూ ఉండే కెపాసిటర్ల (కరెంటును నిలకడగా అందించే చిన్న గొట్టాల) నెత్తి ఉబ్బి ఉంటే సెట్టింగులతో కుస్తీ పట్టవద్దు. కెపాసిటర్లు మార్చగలిగిన మనిషి దగ్గరికి వెళ్లాలి.

అంకె సరిగ్గా ఉండి, వేడీ అదుపులో ఉండి, కంప్యూటర్ ఇంకా ఈడుస్తోందా? విండోస్ 10 టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ వాడకం పది శాతం, డిస్కు వాడకం వంద శాతం కనిపిస్తే ప్రాసెసర్‌ను వదిలేయండి. సెకనుకు 120 సార్లు తిరిగే హార్డ్ డిస్క్ కోసం అది ఎదురుచూస్తోంది. డిస్కును తగిలించే సాటా సాకెట్ ఉన్న కోర్ 2 బోర్డుకు చిన్న ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని డిస్కు) ఒకటి తగిలిస్తే వచ్చే తేడా, ర్యామ్ రెట్టింపు చేసినా చాలాసార్లు రాదు.