పాలకు వెంట్రుకలు, రంగుకు సిలికాన్

తిరుపతిలో కార్లకు రంగు వేసే షెడ్డులో సిలికాన్ మాటెత్తితే పెయింటర్ ముఖం చిట్లిస్తాడు. డాష్‌బోర్డు మెరుపు కోసం కొట్టే సిలికాన్ పాలిష్ తుంపర రేకు మీద పడితే చాలు, పైన వేసిన రంగు చేపకళ్లలా గుంటలు పడుతుంది. ఇంత రచ్చ చేసే పదార్థాన్నే పాలిమర్ (ప్లాస్టిక్, రబ్బరులాంటి పొడవాటి గొలుసు అణువుల పదార్థం) రేణువులు గడ్డకట్టకుండా కాపలా పెట్టారు.

ముందు పాల సంగతి చూద్దాం. పాలలో కేసిన్ అనే ప్రోటీన్ రేణువుల చుట్టూ దానిలోనే ఒక రకమైన కప్పా-కేసిన్ వెంట్రుకల్లా నిలబడి ఉంటుంది. రేణువులు దగ్గరైతే అవే అడ్డుపడి దూరం నెడతాయి. పులుపు తగిలితే వెంట్రుకలు వాలిపోతాయి, పాలు విరుగుతాయి. (శ్రీకాళహస్తి కలంకారీ వాళ్లు కరక్కాయతో కలిపి గుడ్డకు పట్టించే పాల పని వేరు, అది రంగు పాకకుండా ఆపడానికి.)

పాలిమర్లలో మొదట నమ్ముకున్నది సబ్బునే. 1942లో జపాన్ మలయాను ఆక్రమించాక సహజ రబ్బరు దొరక్క, అమెరికా సబ్బునీళ్లలో కృత్రిమ రబ్బరు భారీగా తయారు చేసింది. సబ్బు రేణువులకు విద్యుదావేశం ఇచ్చి విడదీస్తుంది. నీళ్లలో ఇది చక్కగా పనిచేస్తుంది. నూనెలాంటి ద్రావకాల్లో ఆవేశం ఆటలు సాగవు, వెంట్రుకలే కావాలి. అవి కూడా ఆ ద్రావకంలో కరిగేవై ఉండాలి.

సిలికాన్ల మీద దశాబ్దాలు పనిచేసిన నాటింగ్‌హామ్ శాస్త్రవేత్త కిప్పింగ్‌కే వాటి భవిష్యత్తు మీద పెద్ద ఆశ లేదు. 1940లో అమెరికా రసాయన శాస్త్రవేత్త రోకో వాటిని చౌకగా తయారు చేసే దారి కనిపెట్టాక కథ మారింది. 1950ల చివరికి పాలీయూరిథేన్ ఫోమ్‌లో బుడగలు కూలకుండా ఆపే పనిలో సిలికాన్ సర్ఫాక్టెంట్లు (సబ్బులా రెండు పదార్థాల హద్దులో చేరి పనిచేసేవి) కుదురుకున్నాయి.

అసలు మలుపు 1994లో వచ్చింది. ద్రావకాల బదులు అధిక పీడనంలోని కార్బన్ డయాక్సైడ్‌లో పాలిమర్ రేణువులు తయారు చేయవచ్చని అమెరికా రసాయన శాస్త్రవేత్త డిసిమోన్ బృందం చూపింది. ఆ వాయువు ద్రావకంలా పనిచేసే సూపర్‌క్రిటికల్ స్థితికి రావడానికి 31 డిగ్రీల వేడి చాలు. మే నెలలో మన ఇళ్లలో ఫ్యాన్ కింద కూడా అంతకన్నా ఎక్కువే ఉంటుంది! తిప్పలంతా పీడనంతోనే, వాతావరణానికి 73 రెట్లు కావాలి. వాళ్లు మొదట వాడినవి ఫ్లోరిన్ సర్ఫాక్టెంట్లు, ఖరీదెక్కువ. తర్వాత వెంట్రుకల్లా పనిచేసే సిలికాన్ తోకలు వచ్చాయి. ఒక కొస వరి నారులా రేణువులో నాటుకుంటుంది, మిగతా పొడవంతా బయట ఈదుతుంది.

ఇప్పటి గొడవ మిగులు గురించి. సిలికాన్ తయారీలో మిగిలే డి4 అనే వలయ అణువు ప్రకృతిలో త్వరగా నశించదు. కడిగేసే సౌందర్య సాధనాల్లో అది 0.1 శాతానికి మించకూడదని యూరప్ 2020 నుంచి ఆంక్ష పెట్టింది.